నంబర్లో నిలబడ్డ విత్తనం

మా మేనమామకు మూడు లారీలు, బల్లార్షా పక్కన బామ్ని దగ్గర టైర్ల కొట్టును ఆనుకొని ఒక ఆఫీసు గది, లారీ ఓనర్ల సంఘంలో ఒక కుర్చీ ఉన్నాయి. వీటిలో ఆయన శ్రద్ధగా చూసుకునేది కుర్చీనే. లారీలకు వేళకు గ్రీజు పెట్టించమని చెప్పీ చెప్పీ నేను అలసిపోయాను. కుర్చీకి మాత్రం ఆయన ఏటా కొత్త టవలు కప్పిస్తాడు.

చంద్రపూర్‌లో మెకానికల్ ఇంజనీరింగ్ పూర్తిచేసి, ఉద్యోగం దొరికేదాకా ఖాళీగా ఉండొద్దని అమ్మ పంపితే నేను ఆ ఆఫీసులో చేరాను. చేరగానే మూడు లారీలకూ జీపీఎస్ పెట్టించాను. సంఘంలో మిగతా ఓనర్లకు సాయంత్రం చాయ్‌తో నంజుకోవడానికి అది దొరికింది.

"ఏం అల్లుడా, జీపీఎస్ పెడితే బండి డీజిల్ తక్కువ తాగుతదా?" అనేవాడు ఒకాయన.

"డీజిల్ గాదు, డ్రైవర్ తక్కువ తాగుతడు," అనేవాడు మా మామ. అందరూ తొడలు చరుచుకొని నవ్వేవారు. అదే మాటకు మరుసటి సాయంత్రం కూడా అంతే నవ్వేవారు.

ఒకసారి నాగపూర్ నుంచి టై కట్టుకున్న మనిషి ఒకడు వచ్చాడు. దారులు మూసుకుపోయినప్పుడు, సరుకు ఆగిపోయినప్పుడు రవాణా వ్యాపారాలు ఎలా తట్టుకోవాలో హోటల్ హాల్లో ఉపన్యాసం ఇచ్చాడు. తెర మీద బాణాలు, గుండ్రాలు చూపించాడు. ప్రత్యామ్నాయ మార్గం అన్నాడు, ముందస్తు సమాచారం అన్నాడు, పరస్పర సహకారం అన్నాడు. మా ఓనర్లు పోహా ప్లేట్లు ఖాళీ చేసి చప్పట్లు కొట్టారు.

నేను చూసినంతలో మావాళ్ళు తట్టుకునే పద్ధతి వేరు. రోడ్డు ఆగితే మొదట ఫోన్లు చేసుకుంటారు. తర్వాత అబద్ధాలు చెబుతారు. సరుకు తాలూకు మనిషి ఎవరు అడిగినా ఒకటే జవాబు: "గాడీ నికల్ గయీ." టైరు విప్పి జాకీ మీద నిలబెట్టిన బండి కూడా బయల్దేరిపోయే ఉంటుంది. ఆ తర్వాత మళ్ళీ ఫోన్లు, చెప్పిన అబద్ధాలు ఒకదానికొకటి అతికాయో లేదో చూసుకోవడానికి. చివరికి దేవుడి పటం ముందు కొబ్బరికాయ. ఈ మొత్తం ఏర్పాటులో అనుకున్న వేళకు చేరే సరుకు ఆ కొబ్బరికాయ ఒక్కటే.

ఇక నంబరు సంగతి చెప్పాలి. బామ్ని దాటగానే వార్ధా నది. నది అవతల కోర్పనా వైపు సున్నపురాయి గనులు, వాటి వెంట సిమెంటు ఫ్యాక్టరీలు. అక్కడ లారీకి లోడు దొరకాలంటే నంబరు కావాలి. నంబరు అంటే ఏదో కాగితం మీది అంకె కాదు. ఖాళీ లారీ ఫ్యాక్టరీ గేటు ముందు వరుసలో నిలబడాలి. సంఘం మనిషి వచ్చి ముందు అద్దం మీద తెల్ల పెయింటుతో అంకె వేస్తాడు. వరుస జరిగినప్పుడు దానితో పాటు జరగాలి. పక్కకు తీశామా, నంబరు పోయినట్టే. మళ్ళీ తోక దగ్గర మొదలు. లారీ లేకుండా నంబరు లేదు, నంబరు లేకుండా లోడు లేదు.

నంబర్లు ఫోన్లో ఇస్తే సరిపోతుంది కదా, లారీలు రోజుల తరబడి రోడ్డు మీద నిలబడడం ఎందుకని నేను ఒకసారి సంఘంలో అడిగాను.

"ఫోన్ల నంబరిస్తే ఇగ సంఘమెందుకు రా?" అన్నాడు మా మామ.

ఆ సంఘంలో నేను విన్న నిజాయితీ గల మాట అదొక్కటే.

ఆ వానాకాలం తొలి వానకే నది అవతల జివతి గుట్టల మీద రైతులు సోయా విత్తారు. వెంటనే కుండపోత వచ్చి విత్తనాన్ని మట్టితో సహా వాగుల్లోకి తోసేసింది. ఒకే చేనును రెండోసారి విత్తుకోవాల్సి రావడాన్ని మా దగ్గర దుబార్ పేరణీ అంటారు. గుట్ట మీది ఒక ఊరి రైతులు కలిసి చంద్రపూర్ డీలరు దగ్గర విత్తనం తీసుకొని మా లారీకి ఎక్కించారు. వాళ్ళందరి తరఫున వచ్చింది ఒక పెద్దావిడ. తెలుగావిడే, వాళ్ళ పెద్దలు ఎప్పుడో ఆసిఫాబాద్ వైపు నుంచి ఆ గుట్ట ఎక్కారట. బస్తాలు ఎక్కించేదాకా దగ్గరుండి చూసుకొని, తర్వాత ఆఫీసులోకి వచ్చి నా ఎదురుగా కూర్చుంది.

"బిడ్డా, మా గుట్ట మీద నీళ్ళు నిలవయి. వాన ఎలిసింది, ఇగ పదును రెండు మూడు రోజులే ఉంటది. గా పదును మీద ఇత్తనం పడకపోతే ఈ యేడు భూమి పడావే, ఉత్త బీడే."

"రేపటికి మీ ఊళ్ళె దిగుతది అవ్వా," అన్నాను. అది అబద్ధం కాదు. దారి నాకు తెలుసు, లారీ నాకు తెలుసు. వరుస మధ్యలో అడ్డం వస్తుందని మాత్రం ఏ ఇంజనీరింగ్ లెక్కలోనూ లేదు.

ఆమె బస్సెక్కి వెళ్ళిపోయింది. లారీ కూడా వెళ్ళింది. అది వంతెన దాటిన కాసేపటికే ఎగువ నుంచి వరద దిగి నీళ్ళు వంతెన మీదికి వచ్చాయి. పోలీసులు రెండు వైపులా అడ్డం పెట్టారు. మా ఖాళీ లారీలు రెండూ ఇవతల బామ్నిలో చిక్కుకున్నాయి. విత్తనం లారీ మాత్రం అవతలికి చేరిపోయింది. మా మామ వ్యాపారంలో ఒక సరుకు నదికి సరైన వైపున ఉండడం నేను చూడడం అదే మొదలు.

సాయంత్రం ఫోన్లో చూస్తే ఆ లారీ చుక్క ఘాట్ దారి పట్టలేదు. ఫ్యాక్టరీ గేటు వైపు తిరిగి అక్కడే ఆగి ఉంది. డ్రైవర్‌కు ఫోన్ చేశాను.

"అన్నా, బండి ఆడెందుకు ఆగింది?"

"నంబర్ల ఉన్న, ఇంజనీర్ సాబ్."

"లోడుతోనా?"

"లోడేడిది? ఇప్పుడిది ఖాళీ బండి," అని నవ్వాడు. "సేఠ్ చెప్పిండు. తాడు ఇప్పి, తాడ్పత్రి మడతపెట్టి క్యాబిన్ మీదేసిన. బస్తాలు పక్క పలకల కిందికే ఉన్నయి, బయటికెళ్ళి కనబడయి. నంబరు మనిషి అంకేసి పోయిండు గూడ."

ఖాళీ లారీల టార్పాలిన్ మడత పెట్టి క్యాబిన్ మీద ఉంటుంది. అందుకని విత్తనం మీది టార్పాలిన్ తీసి క్యాబిన్ మీద పెట్టారు, వానాకాలంలో, ఖాళీగా కనబడడానికి. నేను గది అవతలి మూలకు వెళ్ళాను. మా మామ టీవీలో వరద చూస్తున్నాడు. కిటికీ తెరిస్తే అదే వరద కనిపిస్తుంది.

"మామా, ఇత్తనం బండి లైన్ల ఎందుకు పెట్టించినవ్?"

"ఖాళీ బండ్లు రెండూ ఈడనే పడ్డయి గద. మరి నంబరెవరు పట్టాలె?"

"వంతెన మూసినంక సిమెంటు ఎక్కించుకొని ఏడికి తీస్కపోతవ్?"

"గది తర్వాత ముచ్చట. ముందుగాల నంబరు."

"అవ్వోళ్ళ పదును పోతది మామా."

"పదునుకేంది రా, మళ్ళ వానొస్తే మళ్ళొస్తది. నంబరు పోతే వస్తదా?"

అప్పుడే ఆయన ఫోన్ మోగింది. అవ్వే. ఆయన గొంతులోకి తేనె వచ్చింది. "బండా? ఘాట్ ఎక్కుతున్నది అవ్వా. నిమ్మలంగ ఉండు." ఫోన్ పెట్టేసి నా వైపు తిరిగి, పిల్లవాడికి పాఠం చెప్పినట్టు అన్నాడు: "గిట్ల మాట్లాడాలె పార్టీతోని."

తెల్లారి కూడా చుక్క అక్కడే ఉంది. డ్రైవర్‌కు సేఠ్ మాటే వేదం. నా ఫోన్‌తో లారీ కదలదు. నేనే వెళ్ళాలి. రోడ్డు వంతెన మునిగింది గానీ రైలు వంతెన ఎత్తు మీద ఉంటుంది. బల్లార్షా స్టేషన్‌కు వెళ్ళి కాగజ్‌నగర్ వైపు పోయే ప్యాసింజరు ఎక్కాను. డబ్బాలో కూరగాయల గంపలు, పాల క్యాన్లు, కోళ్ళ బుట్ట. అవన్నీ నది దాటుతున్నాయి. కిటికీలోంచి చూస్తే కింద బామ్ని దాకా లారీల వరుస, వాటి మధ్య గొడుగులు పట్టుకొని ఫోన్లు మాట్లాడుతున్న ఓనర్లు. కనీసం ఒక మనిషినైనా అవతలికి పంపి తమ సరుకు సంగతి చూడమని వాళ్ళలో ఒక్కడికీ తోచలేదు. రైలుకు స్టీరింగు లేదు కాబట్టి అది వాళ్ళ లెక్కలో బండే కాదు.

అవతలి స్టేషన్‌లో దిగి, జీపులో వేలాడుతూ ఫ్యాక్టరీ రోడ్డుకు చేరాను. వరుస గేటు నుంచి చూపు ఆనినంత దూరం ఉంది. ఎడమ పక్క బురదలో నడుస్తూ, అలవాటు కొద్దీ లారీల వెనక చక్రాల దగ్గర కమాను పట్టీలను చూస్తూ వెళ్ళాను. ఖాళీ లారీకి ఆ పట్టీలు విల్లులా వంగి ఉంటాయి. లోడు పడితే చదునవుతాయి. ఇందులో దాచడానికి ఏమీ లేదు. టార్పాలిన్ మడత పెట్టినంత మాత్రాన ఇనుము అబద్ధం చెప్పదు.

మొదటి లారీకి పట్టీలు చదునుగా ఉన్నాయి. రెండోదానికీ అంతే. మూడోది చూసి ఆగిపోయాను. తర్వాత ప్రతి లారీ దగ్గరా వంగి చూసుకుంటూ వెళ్ళాను. ఒకదాంట్లో యూరియా ఉంది. ఒకదాంట్లోంచి ఉల్లిగడ్డల వాసన వస్తోంది. ఒకదాంట్లో టైల్స్ పెట్టెలు, అట్ట నాని ముద్దయింది. మా మామ తానొక్కడే తెలివైనవాడు అనుకున్నాడు. సంఘంలో ప్రతి ఒక్కడూ అదే రాత్రి విడివిడిగా అదే తెలివి ప్రదర్శించాడు. నది ఇవతల చిక్కిన ఖాళీ లారీల బదులు, అవతల ఉన్న ప్రతి లోడు లారీనీ తెచ్చి వరుసలో నిలబెట్టాడు. కోర్పనాకు, జివతికి, ఆ చుట్టుపక్కల ఊళ్ళకు పోవలసిన సరుకంతా ఖాళీ లారీల వేషం వేసుకొని ఒక గేటు ముందు నిలబడి ఉంది. ఆ వైపు ఏ రోడ్డూ మూసుకుపోలేదు. నది ఆపింది ఒక వంతెననే. మిగతాదంతా మావాళ్ళే ఆపారు.

అద్దాల మీద అంకెలు వేసిన సంఘం మనిషి మాత్రం ఏమీ చూడలేదు. ఆయన పని అద్దం వరకే.

మా లారీ వరుస తల దగ్గరలోనే ఉంది. దాని చక్రం మీద కాలు పెట్టి, పలక పట్టుకొని అవ్వ లోపలికి చూస్తోంది. ఘాట్ ఎక్కి వాళ్ళ ఊరికి వచ్చిన జీపు వాళ్ళు దారిలో ఏ లారీ కనబడలేదని చెబితే, ఆమె తన మరిదిని వెంటబెట్టుకొని అదే జీపులో కిందికి వచ్చిందట. నన్ను చూసి కిందికి దిగింది.

"వచ్చినవా బిడ్డా? ఘాట్ ఎక్కుతున్న బండి ఇదేనా?"

నేను జవాబు చెప్పేలోపే డ్రైవర్ చేతులు జోడించాడు. "నేనేం జెయ్యాలె అవ్వా, సేఠ్ చెప్పినట్టు జేసిన."

"మీ సేఠ్ బాయిల దుంకుమంటే దుంకుతవా?"

"బాయిల నంబరుంటే దుంకుతం అవ్వా," అన్నాడు వెనక లారీ డ్రైవర్. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఆమె నవ్వలేదు.

తెల్లవారుజామున ఒక మబ్బు వచ్చి ఆ రోడ్డు మీద కురిసి పోయింది. పై వరస బస్తాలు తడిశాయి. ఆమె ఒక బస్తా కుట్టు విప్పి గుప్పెడు తీసి నా చేతిలో పోసింది. గింజలు ఉబ్బి, పొట్టు జారిపోతోంది. సోయా గింజ బస్తాలో ఒకసారి నానిందంటే ఇక నేలలో మొలవదు. మందు పట్టించిన విత్తనం కాబట్టి పశువులకు కూడా పెట్టడానికి లేదు.

"కింది వరసలు ఎట్లున్నయో చూడాలె," అంది. "చూసుడు గాదు, పైకి పోవాలె. గుట్ట మీద ఎండ కాస్తుంది. చెల్క భూములు ఆరుతున్నయి."

లారీని వరుసలోంచి తీద్దామన్నాను. డ్రైవర్ స్టీరింగ్ ముందు కూర్చున్నాడు గానీ కదిలే చోటు లేదు. లారీకీ లారీకీ మధ్య మనిషి కూడా అడ్డంగా పట్టడు. చోటిస్తే ఎవడో దూరుతాడని ముక్కులు ఆనించి నిలబెట్టుకున్నారు. ఒక్క అడుగు వెనక్కి తీయమని వెనక డ్రైవర్‌ను అడిగాను. అతను తన సేఠ్‌కు ఫోన్ చేశాడు. సేఠ్ వద్దన్నాడు. ముందువాణ్ని అడిగాను. అతనూ ఫోన్ చేశాడు, ఆ సేఠూ వద్దన్నాడు.

"తమ్మీ, ఒక్క అడుగు నేను ఎన్కకు తీస్తే నా ఎన్కోడు నన్ను నంబర్ల లేడంటడు," అని వెనక డ్రైవర్ నాకు ఓపిగ్గా వివరించాడు. "నువ్వు సదువుకున్నోనివి, గింత గూడ తెల్వదా?"

పరస్పర సహకారం అంటే ఇది.

చివరికి అవ్వ మరిది పక్క ఊరికి పోయి ట్రాక్టరు ట్రాలీ తెచ్చాడు. రోడ్డు వార బురదలో ట్రాలీని లారీకి ఆనించి నిలబెట్టారు. పక్క పలక దించి బస్తాలు మార్చడం మొదలుపెట్టాం. డ్రైవర్ భయపడి మా మామకు చెప్పినట్టున్నాడు. నా ఫోన్ మోగింది.

"లోడు దించుతున్నవట?"

"అవు మామా."

"బండి కదిలిందా?"

"కదల్లేదు."

"మరి గట్ల చెప్పు! దించుకో, దించుకో. నంబరు మాత్రం జాగ్రత్త." 

నేను వాదన సిద్ధం చేసుకొని ఉన్నాను. అంత పెద్ద మనిషితో దెబ్బలాడడానికి ఒక కారణమైనా మిగల్చలేదు ఆయన. విత్తనం చేరినా, చేరకపోయినా ఆయనకు ఒకటే. ద్వేషం ఉంటే కొంత మర్యాదగా ఉండేది.

పొడి బస్తాలు ట్రాలీలోకి, తడివి రోడ్డు వారకు. అవ్వ ప్రతి బస్తానూ అరచేత్తో నొక్కి చూసి పక్కకు చెప్పింది. అన్నీ అయ్యాక ఆమె, మరిది కలిసి ఎవరి చేనుకు ఎంత వస్తుందో లెక్క చూసుకున్నారు. చాలడం లేదు. మళ్ళీ చంద్రపూర్ నుంచి తెప్పించాలంటే వంతెన తెరవాలి. అంతలోపు పదును ఆగదు.

"అందరికీ తలా కొంచెం తగ్గిద్దాం వదినా," అన్నాడు మరిది.

"వద్దు. అందరి మాట నేను మాట్లాడితిని గద. ముందుగాల వాళ్ళకు సరిపెట్టు. నా చెల్క ఈ యేడు పడావు ఉండనియ్యి."

ఆ మాట చెబుతున్నప్పుడు ఆమె నా వైపు చూడలేదు, ఎవరి వైపూ చూడలేదు. ట్రాలీ మీద తాడు బిగిస్తోంది. మా డ్రైవర్ క్యాబిన్ మీది టార్పాలిన్ తెచ్చి కప్పబోయాడు.

"ఇప్పుడు యాదికచ్చిందా అది?" అంది. అయినా కప్పనిచ్చింది.

ట్రాక్టర్ ఎక్కబోతూ రోడ్డు వారనున్న తడి బస్తాల్లోంచి ఒకదాన్ని కాలితో నా వైపు జరిపింది.

"ఇది మీ మామకియ్యి బిడ్డా. నంబర్ల ఇత్తుకొమ్మను."

ట్రాక్టర్ ఘాట్ వైపు వెళ్ళిపోయింది. నేను ఆ బస్తాను మోసి డ్రైవర్ సీటు వెనక పెట్టాను.

మధ్యాహ్నం గేటు తెరిచారు. తెలంగాణ వైపు రోడ్డు బాగానే ఉంది, అక్కడికి సిమెంటు కావాలట. గేటు మనిషి మొదటి నంబరు పిలిచాడు. లారీ లోపలికి వెళ్ళింది, పలక తీశారు, యూరియా. తిట్టి బయటికి పంపారు. రెండోది ఉల్లిగడ్డలు. మూడో డ్రైవర్ తన లారీలో ఏమీ లేదని ఒట్టు పెట్టుకున్నాడు. పెట్టుకుంటుండగానే పలక సందులోంచి టైల్స్ పెట్టె ఒకటి జారి పడింది. గేటు మనిషి మరాఠీలో వాళ్ళ ఏడు తరాలనూ పలకరించాడు. ప్రతి డ్రైవరూ ఒకటే చెప్పాడు: "పూల్ బంద్ ఆహే, సాహెబ్." వంతెన మూసి ఉంది కాబట్టి లారీలో ఉల్లిగడ్డలు ఉన్నాయన్నమాట.

తర్వాత మా నంబరు వచ్చింది. మా లారీ ఖాళీ. అంత పెద్ద వరుస తలలో నిజంగా ఖాళీగా ఉన్న లారీ అదొక్కటే. సిమెంటు ఎక్కించుకొని తెలంగాణ వైపు వెళ్ళిపోయింది.

ఈ వార్త మాకంటే ముందు బామ్నికి చేరింది. వంతెన తెరిచాక నేను ఆఫీసుకు వచ్చేసరికి మా మామ పెద్దమనిషి అయిపోయాడు. ఎవరి లారీకీ దొరకని లోడు ఆయన లారీకి దొరికింది. విత్తనం దారిలోనే దింపించి, సరిగ్గా గేటు తెరిచే వేళకు లారీని ఖాళీ చేయించాడట. సంఘంలో శాలువా కప్పారు. నాగపూర్ టై మనిషి ముఖ్య అతిథి. ముందుచూపు అంటే ఇదేనని మాట్లాడాడు. మా మామ తల వంచుకొని, చేతులు జోడించి, "అంత మీ అందరి దయ," అన్నాడు. అది మాత్రం అక్షరాలా నిజం. మిగతావాళ్ళు అంత మూర్ఖులు కాకపోతే ఆయనకు శాలువా వచ్చేది కాదు.

లారీ తిరిగొచ్చాక ఆ బస్తాను దించి ఆఫీసు గుమ్మం పక్కన పెట్టాను. నానిన సోయా కుళ్ళితే ఆ కంపు ఇంతా అంతా కాదు. మా మామ శాలువాను టవలు మీద సర్దుకుంటూ ముక్కు మూసుకున్నాడు.

"ఏంది రా గీ గబ్బు?"

"అవ్వ పంపింది మామా. ఆమె చెల్క పడావు పడ్డది. దీన్ని నిన్ను నంబర్ల ఇత్తుకొమ్మన్నది."

ఆయన బస్తా వైపు చూశాడు. ఒక్క క్షణం ఏమైనా అంటాడేమో అనుకున్నాను.

"నంబరైతే దొరికింది గద," అన్నాడు. "అవుతల పారెయ్యి, సంఘపోళ్ళు వస్తుండ్రు."

నేను పారేయలేదు. సంఘం వాళ్ళు ఒక్కొక్కరే దాన్ని దాటుకొని, కండువాలు ముక్కులకు అడ్డం పెట్టుకొని లోపలికి వచ్చారు. కాల్వ గబ్బు అన్నాడు ఒకాయన. ఎలుక చచ్చిందేమో అన్నాడు ఇంకొకాయన. బస్తా కుట్లలోంచి చీము లాంటి నీళ్ళు కారి వాళ్ళ చెప్పుల దాకా వచ్చాయి. వాళ్ళు చెప్పులు జరుపుకొని చర్చ సాగించారు. వచ్చే వరదకు ఎవరి నంబరూ పోకుండా ఏం చేయాలన్నది విషయం. మా మామ సలహానే అందరికీ నచ్చింది: వానాకాలమంతా ప్రతి ఓనరూ ఒక లారీని అవతలే, వరుసలోనే ఉంచాలి. చేతులన్నీ పైకి లేచాయి.

"ఖాళీ బండినా?" అని అడిగాను.

"ఖాళీగ ఎందుకుంటది రా," అన్నాడు మా మామ. "ఏదన్న ఒక లోడు ఏసి పెడ్తం."